తెల్ల గుర్రంతో క్రాసింగ్ చేయిస్తే ఎర్ర పిల్ల పుట్టింది, మోసపోయానా?

ప్రశ్న: నా దగ్గర మార్వారీ ఆడగుర్రం ఉంది సార్, సురంగ్ అంటరు కదా, ఒళ్ళు, జూలు, తోక అంతా ఎరుపే. పెళ్ళి బారాత్‌లకు పంపుతా. తెల్లదానికి గిరాకీ ఎక్కువని పోయినేడు మంచి ఎత్తున్న తెల్ల మగగుర్రంతో క్రాసింగ్ చేయించిన. మూడు నెలల కింద పిల్ల పుట్టింది, అది కూడా ఎర్రగనే ఉంది. ఆ గుర్రం ఓనర్ మోసం చేసిండా? మళ్ళా అదే గుర్రంతో చేయిస్తే ఈసారి తెల్లది వస్తదా? తండ్రి లెక్క ఎత్తు, ఉరుకుడు వస్తయా? – ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: అన్నా, ముందు ఆ పిల్లని అమ్మే తొందర పెట్టుకోకండి. ఎర్రగా పుట్టింది కాబట్టి ఎర్రగానే ఉంటుందని ఇప్పుడే చెప్పలేం.

ఆ మగగుర్రం దగ్గరికి ఇంకోసారి వెళ్ళి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ వెంట్రుకల కింద చర్మం చూడండి. చర్మం గులాబీ రంగులో ఉంటే అది నుక్రా, వాటికి తెల్ల పిల్ల పుట్టేదుంటే పుట్టడమే తెల్లగా పుడుతుంది, కాబట్టి మీ పిల్ల ఇక తెల్లబడదు. చర్మం నల్లగా ఉండి వెంట్రుక మాత్రమే తెలుపైతే అది సబ్జా, అసలు కథంతా ఇక్కడే ఉంది. సబ్జా గుర్రం పుట్టినప్పుడు ఎరుపో నలుపో కుమైతో (ఒళ్ళు ఎరుపు, జూలు తోక నలుపు) ఏదో ఒక రంగులోనే ఉంటుంది, తర్వాత ఏటికేడు తెల్ల వెంట్రుకలు పెరుగుతూ నాలుగైదేళ్ళకి చుక్కల బూడిద రంగుకి వచ్చి, పూర్తిగా తెల్లబడేసరికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక పిల్లని చూసి రిజిస్టర్‌లో ధీమాగా "ఎరుపు" అని రాశాను, నాలుగేళ్ళ తర్వాత అదే గుర్రం బూడిద రంగులో ఎదురుపడితే వేరే గుర్రాన్ని తెచ్చారని వాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నా.

మీ పిల్లకి మూడు నెలలంటే పుట్టు వెంట్రుకలు రాలే టైమే. ఇంకో రెండు నెలలు ఆగి, కనురెప్పల చుట్టూ చూడండి, కళ్ళజోడు పెట్టినట్టు తెల్ల వెంట్రుకలు రింగులా కనబడితే అది తెల్లబడే పిల్లే.

ఇక మోసం సంగతి. ఈ తెల్లబడే గుణం ఒక్క జీన్‌తో వస్తుంది, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక కాపీ వచ్చినా చాలు. మగగుర్రంలో రెండు కాపీలుంటే ప్రతి పిల్లా తెల్లబడాల్సిందే, ఒక్కటే ఉంటే సగం ఛాన్స్, అంటే బొమ్మా బొరుసా. మీది బొరుసు పడి ఉండొచ్చు, దానికి ఓనర్‌ని తప్పు పట్టలేం. వేరే గుర్రంతో చేయించి ఉంటాడని గట్టి అనుమానం ఉంటే పిల్లవి, తల్లివి, ఆ మగగుర్రానివి వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి డీఎన్‌ఏ టెస్టుకి పంపితే తేలిపోతుంది.

ఒక్క కాపీ గుర్రమైతే మళ్ళీ దానితోనే చేయించినా సగం ఛాన్సే, మొదటిసారి ఎర్రది వచ్చింది కదా ఈసారి తెల్లది బాకీ ఉందని లెక్కేమీ లేదు. పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లనిచ్చే జంతువుతో ఈ జూదం ఆడేకంటే ముందు ఆ మగగుర్రం పాత పిల్లల్ని వాకబు చేయండి. ఎరుపు, నలుపు, కుమైత్ తల్లులకి దానివల్ల పుట్టి ఇప్పటికి పెద్దవైన పిల్లలు ఒక పది దొరికితే, పదీ తెల్లబడి ఉంటే కళ్ళు మూసుకుని చేయించొచ్చు, ఎందుకంటే ఒక్క కాపీ ఉన్న గుర్రానికి అలా పదికి పది పడే అవకాశం 1024 లో ఒకటి. ఒక్కటి తెల్లబడకుండా మిగిలినా సగం ఛాన్సే అని అర్థం. అలాగే దాని తోక ఎత్తి చూడండి, వయసు మీద పడిన సబ్జాలకి అక్కడ నల్ల గడ్డలు రావడం చాలా మామూలు, అది కూడా ఈ జీన్‌తోనే వచ్చే గుణం.

రంగు ఒక్క జీన్ పని కాబట్టి ఇంత లెక్క చెప్పగలిగా. ఎత్తుకి చాలా జీన్లు కలవాలి, పైగా తల్లి కడుపులో చోటు కూడా లెక్కే. 1938 లో కేంబ్రిడ్జ్‌లో భారీ షైర్ గుర్రాల్నీ పొట్టి షెట్లాండ్ గుర్రాల్నీ రెండు వైపులా క్రాస్ చేసి చూశారు, షైర్ తల్లికి పుట్టినవి పెద్దగా, షెట్లాండ్ తల్లికి పుట్టినవి చిన్నగా పుట్టాయి, జీన్లు మాత్రం రెండింట్లో సగం సగమే. కాబట్టి మీ ఆడగుర్రం పొట్టిదైతే తండ్రి ఎత్తు మీద మరీ ఆశలు పెట్టుకోకండి, చూలు చివరి మూడు నెలల్లో దాని దాణా మీద శ్రద్ధ పెట్టండి.

ఉరుకుడు గురించి మాత్రం ఎవడైనా గ్యారంటీ ఇస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. గుర్రానికి 32 జతల క్రోమోజోములు, ప్రతి జతలో ఏది పిల్లకి పోతుందో లాటరీయే, ఒక్క తల్లి వైపు నుంచే 429 కోట్ల రకాల కలయికలు. అమెరికాలో 1969 లో ఇద్దరు ఓనర్లు పుట్టిన, పుట్టబోయే పిల్లల్ని పంచుకోవడానికి నాణెం ఎగరేశారు. గెలిచినాయనకి వచ్చిన ఆడపిల్ల ఒక్క రేసూ గెలవలేదు, ఓడినావిడకి మిగిలింది అదే తల్లికి అదే తండ్రికి మరుసటేడు పుట్టిన సెక్రటేరియట్ అనే గుర్రం, అది 1973 లో ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పెద్ద రేసులూ కొట్టి, వాటిలో చివరిదాన్ని 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. 2006 లో గ్రీన్ మంకీ అనే పిల్లని తండ్రినీ పరుగునీ చూసి కోటి 60 లక్షల డాలర్లకి కొన్నారు, మూడు రేసుల్లో దింపితే ఒక్కటీ గెలవలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం కానీ ఈ దూడలు గట్టుదాకా కూడా పోలేదు. బండలాగుడు ఎద్దులు పెంచేవాళ్ళని అడగండి, ఇదే మాట చెప్తారు.

సుళ్ళు చూసి జాతకం చెప్పేవాళ్ళు మీ దగ్గరకీ వస్తారు. కొనేవాడికి నమ్మకం ఉంటే సుడి రేటుని మారుస్తుంది, నిజమే, కాళ్ళని మార్చదు.

ఆడగుర్రాన్ని మళ్ళీ కట్టించాలంటే ఎద ప్రతి 21 రోజులకి వస్తుంది, ఐదు నుంచి ఏడు రోజులుంటుంది, ఆ చివరి రోజుల్లో చేయిస్తేనే చూలు నిలుస్తుంది. ఈలోపు పిల్ల కనురెప్పల్ని దగ్గర నుంచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పంపండి, రెండు నెలల తర్వాత తీసినా పర్లేదు.