ఓడ మీద కథ రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ‘సెయింట్ లూయిస్’ ఓడ మీద తెలుగులో కథ రాయాలని నీకు తోచడమే నాకు నచ్చింది. 1939 మేలో హాంబర్గ్ నుంచి 937 మందితో బయల్దేరింది. దాదాపు అందరూ నాజీల జర్మనీ వదిలి పారిపోతున్న యూదులే. క్యూబాలోని హవానా రేవు దాకా వచ్చాక కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు, అమెరికా కూడా రానివ్వలేదు. తిరిగి యూరప్‌కి వెళ్లినవాళ్లలో 254 మంది ఆ తర్వాత నాజీల మారణహోమంలో పోయారు. ఇదంతా నీ కథలో ఉంది. కానీ కెప్టెన్ ష్రోడర్‌ని దేవుణ్ణి చేసేశావు, మిగతావాళ్లందరి చేతా కన్నీళ్లు పెట్టించావు. చదివినవాడు ‘అయ్యో పాపం’ అనుకుని ఫోన్ పక్కన పడేస్తాడు.

ష్రోడర్ మంచివాడే, కాదనను. శుక్రవారం రాత్రి ప్రార్థనల కోసం భోజనాల హాల్లో హిట్లర్ పటం తీసేయడానికి ఒప్పుకున్న మనిషి. ఆ ఒక్క ముక్క చాలు అతని గురించి. మూడు పేజీల ప్రసంగం ఎందుకు?

నన్నడిగితే అసలు కథ డెక్ మీద లేదు, హవానాలో బేరం జరిగిన చోట ఉంది. అమెరికాలోని యూదు సహాయ సంస్థ తరఫున లారెన్స్ బెరెన్‌సన్ అనే లాయరు వచ్చాడు. క్యూబా అధ్యక్షుడు లరేడో బ్రూ తలకి 500 డాలర్ల లెక్కన 4,53,500 డాలర్లు పూచీకత్తు కట్టమన్నాడు. బెరెన్‌సన్ వేరే లెక్క చెప్పాడు. బ్రూ ఒప్పుకోలేదు, బేరం తెగిపోయింది.

ఇప్పుడు యూదుల ధర్మశాస్త్రం వైపు చూడు. బందీలను విడిపించడం కంటే గొప్ప ధర్మం లేదన్నాడు యూదు పండితుడు మైమోనిడీస్, 12వ శతాబ్దంలో. అంతకు వెయ్యేళ్ల నాటి మాట ఇంకోటి మిష్నాలో, అంటే యూదు ధర్మసూత్రాల పాత సంకలనంలో, ఉంది: బందీకి తగిన వెల కన్నా ఎక్కువ ఇవ్వొద్దు. ఈరోజు అడిగినంతా ఇచ్చేస్తే రేపు ఇంకో పదిమందిని పట్టుకుంటారని ఒక భయం. రోథెన్‌బర్గ్ రబ్బీ (యూదు మతగురువు) మెయిర్‌ని రాజు ఖైదు చేస్తే, తన కోసం అంత సొమ్ము కట్టొద్దని ఆయనే వద్దన్నాడని చెబుతారు. 1293లో ఆ ఖైదులోనే పోయాడు. బెరెన్‌సన్ మనసులో ఇవన్నీ మెదిలాయని నేననను. కానీ నీ కథలో బేరానికి కూర్చున్నవాడికి ఆ టెన్షన్ ఉండాలి. ఇటు 900 ప్రాణాలు, అటు జర్మనీలో ఇంకా మిగిలిపోయిన లక్షలమంది.

ఇంకో మాట. చివర్లో ‘అతిథి దేవోభవ’ అని రాశావు. కొట్టెయ్. అతిథికి తిరిగి వెళ్లడానికి ఇల్లుంటుంది. యూదుల మూలగ్రంథం తోరా చెప్పే పరదేశికి అది లేదు. పరదేశిని బాధపెట్టొద్దని తోరా 36 చోట్ల హెచ్చరించిందని యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూద్ లెక్కగట్టింది, కాదు 46 అన్నవాళ్లూ ఉన్నారు. జాలి పుడితే సాయం చెయ్యమనలేదు. ఐగుప్తులో మీరూ పరదేశులే, ఆ బతుకేమిటో మీకు తెలుసు కాబట్టి చెయ్యాల్సిందే అంది. యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన బానిసను తిరిగి అప్పజెప్పొద్దని కూడా అంది. నీ పాత్రకి ఆ పరదేశి మీద ప్రేమ ఉండనక్కర్లేదు. విసుక్కుంటూ తలుపు తీసినా సరే. నాకైతే అలాంటివాడి మీదే నమ్మకం ఎక్కువ.

అలాగని ఈ సంప్రదాయం అంతా ఒకే మాట మీద ఉందనుకోకు. తల్మూద్‌లోనే ఒక చర్చ ఉంది: ఎడారిలో ఇద్దరు నడుస్తుంటారు, ఒకడి దగ్గరే నీళ్లున్నాయి. పంచుకుంటే ఇద్దరూ పోతారు, ఒక్కడే తాగితే ఊరు చేరతాడు. ఇద్దరూ తాగాల్సిందే, ఒకడి చావు ఇంకొకడు చూడకూడదన్నాడు బెన్ పెతూరా. నీ ప్రాణమే ముందన్నాడు రబ్బీ అకీవా. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి! ఎవరిది న్యాయమో నువ్వు తేల్చొద్దు.

యూదులంతా ఇలాంటివాళ్లని సర్టిఫికెట్ మాత్రం ఇవ్వకు. 1977లో ఇజ్రాయెల్ సరుకు ఓడ ఒకటి సముద్రంలో 66 మంది వియత్నాం శరణార్థులను కాపాడింది. కొత్తగా ప్రధాని అయిన బెగిన్ వాళ్లను దేశంలోకి రానిచ్చాడు, ‘సెయింట్ లూయిస్’ని గుర్తు చేశాడు కూడా. అదే దేశం 2018లో ఎరిట్రియా, సూడాన్ నుంచి వచ్చినవాళ్లను పంపించేయబోయింది. కొందరు రబ్బీలు వాళ్లను ఇళ్లలో దాస్తామన్నారు. దక్షిణ టెల్ అవీవ్ పేదవాడల్లో జనం ‘మరి మా సంగతేంటి?’ అన్నారు. నీ ఊరి పేదలు ముందు అన్న మాట కూడా తల్మూద్‌లోదే మరి. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం బలవంతంగా పంపే ఆలోచన మానుకుంది. ఆ పేదవాడలో అద్దెకుండే ముసలావిడ నీకు ఇంకో కథ కావచ్చు, దీంట్లో మాత్రం ఇరికించకు.

రెండో డ్రాఫ్ట్‌లో బేరం రెండో పేజీకే మొదలవ్వాలి. ప్రయాణికుల్లో ఒక్కరినైనా మొండివాణ్ణి చెయ్యి. ఆపదలో ఉన్నంత మాత్రాన మనిషి అణకువగా ఉండాలని రూలేం లేదు. సంక్రాంతికి ఊరెళ్తున్నాను, ఈలోగా పంపు.

ఉంటాను.