అరబ్బీ వైద్య రాతప్రతులు చదవబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అరబ్బీ చదువు ముగించి, మధ్యయుగపు వైద్య గ్రంథాల రాతప్రతుల మీద పనికి కూర్చోబోతున్నావని తెలిసి సంతోషించాను. ఏ గ్రంథంతో ప్రారంభించమంటారని అడిగావు. గ్రంథం ఏదైనా సరే, ముందు చివరి పుట తెరువు. లేఖకుడు తన పేరు, రాత ముగించిన హిజ్రీ తేదీ, ఒక్కొక్కప్పుడు ఊరు కూడా చెప్పుకునే పుష్పిక అక్కడే ఉంటుంది. అమెరికాలోని బెథెస్డాలో జాతీయ వైద్య గ్రంథాలయం దాచిన పారశీక వైద్యుడు అల్ రాజీ వైద్య గ్రంథం ‘అల్ హావీ’ ప్రతిలో లేఖకుడు తన పేరు చెప్పలేదు గాని, హిజ్రీ 487 జుల్ ఖాదా నెలలో, అంటే 1094 నవంబరులో, పని ముగించినట్టు రాసిపెట్టాడు. నేటికి మిగిలిన అతి ప్రాచీన అరబ్బీ వైద్య ప్రతుల్లో దాన్ని చేర్చగలిగింది ఆ తేదీ వల్లనే.

అయితే పుష్పికను గుడ్డిగా నమ్మవద్దు. తాము చూసి రాస్తున్న మూలప్రతి, అంటే మాతృకలోని తేదీని కూడా పొల్లుపోకుండా ఎక్కించిన లేఖకులు ఉన్నారు. గ్రంథాలయం వారు అనుమతిస్తే కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా చూడు. కాగితంలో నీటిగుర్తు వేయడం ఇటలీలో పదమూడో శతాబ్దం చివరిభాగంలో మొదలైంది. అరబ్బుల పాత కాగితంలో అది ఉండదు. కనుక పదకొండో శతాబ్దపు తేదీ కింద నీటిగుర్తు కనిపిస్తే, నీ ముందున్నది తరువాతి కాలపు నకలే. మొదటి పుటను ఇంకా ఎక్కువ అనుమానించు. అది చిరిగిపోయిన పుస్తకానికి ప్రసిద్ధ వైద్యుడు ఇబ్న్ సీనా పేరు తగిలించి మంచి ధరకు అమ్ముకున్న వర్తకులకు కొదవ లేదు.

ఇక అన్నింటికన్నా జాగ్రత్త మందుల మోతాదుల దగ్గర కావాలి. తొందరలో రాసే లేఖకులు అక్షరాల చుక్కలు వదిలేస్తారు. చుక్కలు లేకపోతే ఏడును సూచించే ‘సబ్అ’, తొమ్మిదిని సూచించే ‘తిస్అ’ ఒకే రూపంలో, నాలుగు చిన్న పళ్లు, వాటి తరువాత ‘ఐన్’ అనే అక్షరంగా కనిపిస్తాయి. వట్టివేరు ఏడు దిర్హములా తొమ్మిదా అన్నది పెద్ద విషయం కాకపోవచ్చు. నల్లమందు దగ్గర అది ప్రాణాల మీదికి వస్తుంది. అలాంటి చోట నీ తెలివితో సరిదిద్దకుండా, అదే మందు యోగాన్ని మరో రెండు మూడు ప్రతుల్లో చూసి, పాఠభేదాలన్నీ నమోదు చెయ్యి. దిర్హము బరువు కూడా ఊరికీ కాలానికీ మారుతూ వచ్చింది కాబట్టి మూలంలో గ్రాములు చొప్పించకు.

అందమైన ప్రతికీ నమ్మదగిన ప్రతికీ చాలా తేడా ఉంది. బంగారు గీతలు, రంగుల శీర్షికలు ఉన్న ప్రతికన్నా, నూనె మరకలు పడి, మాతృకతో ఇంతవరకు సరిపోల్చామని అంచులో ‘బలగ’ అన్న గుర్తులున్న ప్రతికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అది వైద్యుడి చేతిలో నలిగిన పుస్తకం.

‘అల్ హావీ’ నిజానికి అల్ రాజీ రాసి ముగించిన గ్రంథం కాదు. ఆయన పోయాక ఆయన కాగితాలనుంచి కూర్చినది. గ్రీకు, భారతీయ వైద్యుల మాటలు ఉదహరించి, తన అభిప్రాయం వచ్చే చోట ‘లీ’ (‘నాది’) అని గుర్తు పెట్టుకున్నాడు. ఆ చిన్న గుర్తు కంటపడకపోతే గ్రీకు వైద్యుడు గాలెన్ మాటను అల్ రాజీకీ, అల్ రాజీ మాటను గాలెన్‌కూ అంటగడతావు. మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ వారు 1955నుంచి ఈ గ్రంథాన్ని 23 భాగాలుగా అచ్చువేశారు. ప్రతిని చదివేటప్పుడు ఆ ముద్రణ పక్కన పెట్టుకో, కాని దాని ప్రకారం ప్రతిని దిద్దవద్దు.

వ్యాఖ్యానాలను చిన్నచూపు చూడకు. గుండె గదుల మధ్య గోడలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండా సాగుతుందనీ 1288లో మరణించిన ఇబ్న్ అల్ నఫీస్ చెప్పింది, ఇబ్న్ సీనా వైద్య గ్రంథం ‘కానూన్’లోని శరీరశాస్త్ర భాగానికి రాసిన వ్యాఖ్యలోనే. ఆ సంగతిని 1924లో, బెర్లిన్‌లోని ప్రతిని చదివి, ఈజిప్టు వైద్యుడు ముహ్యీద్దీన్ తతావీ బయటపెట్టాడు. పాత జబ్బుల పేర్లకు మాత్రం నేటి రోగాల పేర్లు అతికించే పని వైద్యచరిత్రకారులకు వదిలెయ్యి.

సందేహమున్న పుటల ఛాయాచిత్రాలు పంపేటప్పుడు అంచులు కత్తిరించకుండా, పక్కన కొలబద్ద పెట్టి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న