ఆ స్టార్ల చార్టు సంగతి

బిడ్డా,

నువ్వు ఉద్యోగం మానేసి, ఇద్దరు దోస్తులతో కలిసి నలుగురు కూడి ఆడే మల్టీప్లేయర్ గేమ్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నాకు ముందు గర్వంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

చిన్న మాటలు ముందు చెప్పేస్తాను. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకో. ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి, ఎంత దోస్తులైనా సరే. పైసలు పందెం కట్టే ఆటల జోలికి పోవద్దు, 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. సర్వర్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే. రోజూ లాగిన్ అయితే బహుమతి, లెవెల్ పెరిగితే కొత్త తుపాకీ, ముందు అవే తయారు చేస్తున్నారట కదా. అవి లేకపోతే ఎవరూ ఆడరని నువ్వే అన్నావట. ఆ మాట ఒకప్పుడు నేనూ నమ్మాను.

2005లో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఎనిమిది సిస్టమ్‌లతో నెట్ సెంటర్ పెట్టాను. నువ్వు నా కౌంటర్ కింద కూర్చుని బిల్లు పుస్తకం వెనక బొమ్మలు గీసేదానివి. గంటకు 15 రూపాయలు. సాయంత్రమైతే కాలేజీ పిల్లలు వచ్చి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడేవాళ్లు. ఆ ఆటలో అప్పుడు ఇంటికి తీసుకుపోయేది ఏమీ ఉండేది కాదు. కొత్త మ్యాచ్ మొదలైందంటే అందరికీ మళ్లీ ఒక పిస్తోలు, ఆటలో తుపాకులు కొనుక్కోవడానికి 800 డాలర్లు. నిన్న గెలిచినవాడికీ అంతే, ఈరోజే మౌస్ పట్టినవాడికీ అంతే. అయినా ఎందుకొచ్చేవాళ్లంటే, నిన్న ఆ ఆటలోని డస్ట్ 2 అనే మైదానంలో తలుపు సందులోంచి తనను కొట్టినవాణ్ని ఈరోజు కొట్టాలి, అంతే. ఆడే ముందు ఉద్దీలు కట్టేవాళ్లు, మన ఊళ్లో చిర్రగోనె ఆటకు కట్టినట్టే. చేయి తిరిగినవాడికి చేయి తిరిగినవాడు, కొత్తవాడికి కొత్తవాడు. ఓడినవాళ్లే ముందు అరిచేవాళ్లు, "అన్నా, ఇంకొక్కటి!" అని.

2006 వేసవిలో పిల్లలు ఊళ్లకు పోయి గిరాకీ పడిపోయింది. కిరాయి టెన్షన్‌లో గోడకు ఒక చార్టు అంటించాను. గంటకు ఒక స్టార్. వంద స్టార్లకు గోల్డ్. గోల్డ్ వచ్చినవాడికి ఫ్యాన్ కింది సిస్టమ్, మంచి మౌస్. రెండు నెలలు గల్లా నిండింది. కానీ షాపులో అరుపులు తగ్గాయి. ఉద్దీలు కట్టడం మానేశారు. ఆట మీద ధ్యాస లేకుండా, గంట నిండాలని ఊరికే కూర్చునేవాళ్లు. కొత్తగా వచ్చిన పిల్లలు గోల్డ్ వాళ్లను చూసి గుమ్మం నుంచే వెనక్కి పోయేవాళ్లు.

పల్లె నుంచి బస్సులో వచ్చే ఇంటర్ పిల్లవాడు ఒకడు, బక్కపలచని వాడు, పరీక్ష ఫీజు పైసలు తెచ్చి ఆ వంద నింపాడు. నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు, అది నా తప్పు. వారం తర్వాత వాళ్ల నాయన వచ్చాడు, భుజం మీద తువ్వాలతో. గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. చార్టు దగ్గర నిలబడి కొడుకు పేరు మీద వేలు పెట్టి, "గీ గోల్డ్ అంటే ఏంది సారూ, అమ్మితే ఎంతొస్తది?" అని అడిగాడు. నా నోట మాట రాలేదు. ఫైన్‌తో సహా ఫీజు నేనే కట్టాను. ఆ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు బిడ్డా.

ఆ రాత్రే చార్టు చింపేశాను. మర్నాడు పిల్లలు "మరి ఇప్పుడు ఆడితే ఏమొస్తదన్నా?" అన్నారు. అంతకుముందు ఏడాదిపాటు ఏమీ రాకుండానే ఆడినవాళ్లు! సగం మంది మళ్లీ రాలేదు. ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చి షాపు మూతపడిందని అందరికీ చెప్పాను, అది కొంతవరకే నిజం. చాలా ఏళ్లకు ఒకచోట చదివాను: 1973లో అమెరికాలో, ఇష్టంగా బొమ్మలు గీసే చిన్నపిల్లలకు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ చూపించారట. తర్వాత వాళ్లు తమంతట తాము గీయడం తగ్గిందట. కౌంటర్ కింద నీ రంగు పెన్సిళ్లు గుర్తొచ్చాయి.

లెవెల్స్ అన్నీ చెడ్డవని నేననను. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4 అనే తుపాకుల ఆటలో 55 లెవెల్స్ ఉండేవి, లెవెల్ పెరిగేకొద్దీ తుపాకులు ఒక్కొక్కటే చేతికొచ్చేవి. కొత్తవాడికి అన్నీ ఒకేసారి చేతికిస్తే బెదిరిపోతాడు, ఒక్కొక్కటిగా ఇస్తే నేర్చుకుంటాడు. కానీ పాతవాడికి ఎక్కువ బలం ఇచ్చావనుకో, కొత్తవాడు మొదటి రోజే అవమానపడి పోతాడు. పాతవాడికి రంగులివ్వు, టోపీలివ్వు. బలం ఇవ్వకు. రోజువారీ బహుమతి మాత్రం తీసేయ్. జ్వరమొచ్చి ఒక రోజు రాని పిల్లవాడికి అది శిక్ష. ఇంత చదువుకుని ఆ మాత్రం తోచలేదా నీకు?

కోప్పడ్డానని బాధపడకు. నువ్వు చేయగలవు, అందులో నాకు అనుమానం లేదు. ముందు ఏ స్టార్లూ లేని ఆట చేయి. ఓడినవాడు ఫోన్ కింద పెడుతున్నాడా, "ఇంకొక్కటి" అంటున్నాడా, అది చూడు. ఫోన్ పెట్టేస్తుంటే ఆటనే మార్చు. స్టార్లు అతికించి దాన్ని నిలబెట్టాలని చూడకు.

బతుకమ్మకు వచ్చేటప్పుడు దాన్ని తీసుకురా. మన గల్లీ పిల్లల్ని పదిమందిని పిలుస్తాను. ఉద్దీలు నేనే కడతాను, ఎవరెవరు "ఇంకొక్కటి" అన్నారో నువ్వు నోట్‌బుక్‌లో రాసుకో. మీ అమ్మతో నేను మాట్లాడతాను. వేళకు తిను.

మీ మామ