బ్యాగ్ కొడితే మణికట్టు నొప్పి.. ముందు కాళ్లు చూసుకోండి

ప్రశ్న: నా వయసు 27. కొత్తగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. కుడిచేత్తో బ్యాగ్‌ను గట్టిగా కొడితే మణికట్టులో చిటికెన వేలి వైపు నొప్పి వస్తోంది, ముందుకు తూలిపోతున్నాను కూడా. చేతిలో బలం లేకనా? బరువులు ఎత్తమంటారా?

జవాబు: బరువుల సంగతి తర్వాత, ముందు ఎముక బాగుందో లేదో చూసుకోండి. చిటికెన వేలి మెటిక కింద వాపు ఉన్నా, అక్కడ నొక్కితే ఒకేచోట బాగా నొప్పి పుట్టినా, పిడికిలి బిగించినప్పుడు ఆ మెటిక లోపలికి కుంగినట్టున్నా, వేలు పక్క వేలి మీదికి ఎక్కుతున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. అక్కడి ఎముక విరిగితే దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు గానీ కోపంలో గోడను గుద్ది వచ్చేవాళ్లలోనూ తరచూ చూస్తుంటాం! బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొప్పి ఉంటే మాత్రం అశ్రద్ధ వద్దు, అక్కడి స్కాఫాయిడ్ ఎముక చిట్లినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీయాల్సి రావచ్చు.

ఇవేవీ లేకపోతే నా అనుమానం మీ కాళ్ల మీదే. తూలుతున్నారంటే ఒంటి బరువంతా ముందు కాలి మీద పడుతోంది, అప్పుడు దెబ్బకు చేయి ఒక్కటే మిగులుతుంది, పిడికిలి వంకరగా తగిలి మణికట్టు మడతపడుతుంది. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక పెట్టాలి. రెండూ ఒకే గీత మీద ఉండకూడదు, మధ్యలో భుజాల వెడల్పంత ఎడం కావాలి, మోకాళ్లు కాస్త వంచి, వెనక మడమ కొద్దిగా లేపి ఉంచండి. కుడి పంచ్ ఆ వెనక పాదం నుంచే మొదలవుతుంది: పాదం తిరుగుతుంది, దాంతో తుంటి, భుజం తిరుగుతాయి, చేయి చివర్లో వెళ్తుంది. కొట్టాక మీ ముక్కు ముందు మోకాలిని దాటిపోయిందంటే బ్యాగ్‌కు మరీ దూరంగా నిలబడ్డారన్నమాట, ఒక అడుగు దగ్గరికి జరగండి.

తగలాల్సింది చూపుడు వేలు, మధ్య వేలి మెటికలు. బొటనవేలు పిడికిలి బయటే ఉండాలి, ముంజేయి, చేతి వెనక భాగం ఒకే వరుసలో ఉండాలి. గ్లౌజులు ఉన్నాయి కదా అని హ్యాండ్ ర్యాప్ (లోపల చేతికి, మణికట్టుకు చుట్టుకునే గుడ్డ పట్టీ) మానేస్తారు కొందరు, గ్లౌజు మెత్తదనమే గానీ మణికట్టును సరిగా పట్టి ఉంచేది ర్యాప్. గాల్లో పంచ్‌లు వేసేటప్పుడు మోచేయిని పూర్తిగా చాచి లాక్ చేయకండి, అదో కొత్త నొప్పి.

ప్రస్తుతానికి బ్యాగ్ ఆపేసి, చల్లని కాపడం పెట్టండి. నొప్పి పూర్తిగా తగ్గేదాకా అద్దం ముందు నెమ్మదిగా స్టాన్స్ (పైన చెప్పిన నిలబడే తీరు), అడుగులు మాత్రమే సాధన చేయండి, ఆ తర్వాత సగం బలంతో మొదలుపెట్టండి. రెండు వారాల్లో తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, మణికట్టు తిప్పితే టక్‌మని శబ్దంతో నొప్పి వస్తున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.