విన్నిపెగ్ కారు, గాజువాక డిపాజిట్

ప్రశ్న: స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యాను, గాజువాకలో ఉంటాం. మా అబ్బాయికి కెనడాలోని విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి చలికి ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) ఎస్‌యూవీ తప్పదట, 15 లక్షలు సర్దమంటున్నాడు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేసి రెండేళ్లు దాటింది, సరిగ్గా అంతే ఉంది. తీసి పంపమంటారా?

జవాబు: వద్దండి. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి మీకు 30,750 రూపాయలు వస్తున్నాయి. ఇంటి ఖర్చు నడిచేది దానిమీదే కదా. ఇందులో కొంత తీసి కొంత ఉంచుకోవడం కుదరదు, ఖాతా మూసేయాల్సిందే. అసలులో ఒక శాతం, అంటే 15,000 పోతుంది. పైగా ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపిన సొమ్ముకు బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. పైనున్న 5 లక్షల మీద మీకది లక్ష రూపాయలు. రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఇరుక్కున్నట్టే.

ఇక కారు సంగతి. లంబసింగిలో గడ్డిమీద మంచు కనిపిస్తేనే ఫొటోలు దిగే జనం మనం, విన్నిపెగ్‌లో జనవరిలో మైనస్ 30 కొత్తేమీ కాదు. అబ్బాయి భయంలో తప్పులేదు. కానీ ఆల్ వీల్ డ్రైవ్ బండిని మంచులోంచి కదిలిస్తుందే తప్ప, బ్రేకు వేసినప్పుడు ఆపేది టైరు. 7 డిగ్రీల కిందకు దిగితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు గుర్తు చూసుకోమనండి. నాలుగూ మార్చాలి, రెండింటితో సరిపెట్టకూడదు. కెనడాలోనే మరో రాష్ట్రమైన క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఎస్‌యూవీ కొనాలని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు!

అందుకే సెకండ్‌హ్యాండ్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకే శక్తి అందే) కారు, నాలుగు వింటర్ టైర్లు చాలు. ఇంజిన్‌ని రాత్రంతా కరెంటుతో వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ఉండాలి, అద్దె ఇంటి పార్కింగులో దానికి ప్లగ్గూ ఉండాలి. మంచు కరగడానికి అక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. మన బీచ్ రోడ్డులో ఉప్పుగాలి ఇనప గేట్లను ఎలా తినేస్తుందో చూశారుగా, అక్కడ కారు అడుగుభాగానికీ అదే గతి. లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడకుండా బేరం ఆడొద్దనండి.

మీ సేవింగ్స్ ఖాతాలో మిగులుంటే మూడు నాలుగు లక్షలు డౌన్ పేమెంటుకు పంపండి, మిగతాది తన జీతం మీద లోన్ తీసుకుంటాడు. కొత్తగా వెళ్లినవాళ్లకు వడ్డీ కాస్త ఎక్కువే పడొచ్చు. అయినా వాయిదాలు సరిగ్గా కడితే అక్కడ క్రెడిట్ స్కోరు ఏర్పడుతుంది, రేపు ఇల్లు కొనేటప్పుడు అక్కరకొస్తుంది. పంపేటప్పుడు బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారంలో కొడుక్కి గిఫ్ట్ అని రాసి, ఆ కాపీ దాచుకోండి.