పాటలు రాస్తున్న చెల్లికి

ప్రియమైన చెల్లికి,

ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు పంపిన పాటలన్నీ చదివాను. భాష సాఫీగా ఉంది, పల్లవులు సంఘమంతా కలిసి పాడుకునేలా ఉన్నాయి. కానీ ప్రతి పాటలోనూ మొదటి చరణంలో కన్నీళ్లు, రెండో చరణానికల్లా స్తోత్రం. మొన్ననే భర్తను మట్టికి అప్పగించి వచ్చి, వెనక చాప మీద కూర్చున్న ఆమె ఈ పాట ఎలా పాడుతుంది? ఆమె ఇంకా మొదటి చరణంలోనే ఉంది.

అందుకే నిన్ను బైబిల్లోని కీర్తనల గ్రంథం చదవమంటున్నాను. రోజూ చదువుతున్నానంటావని తెలుసు. 23, 91, 121 మనందరికీ కంఠతా వచ్చు, కొత్త సంవత్సరం రాత్రి తీసుకునే వాగ్దాన కార్డుల్లో కనిపించేవీ ఎక్కువగా ఇలాంటివే. నేను చెప్పేది 150 కీర్తనలూ వరుసగా, ఇబ్బంది పెట్టేవాటిని దాటెయ్యకుండా చదవమని.

ముందు 13వ కీర్తన తీసుకో. ఆరే వచనాలు. ఎంతకాలం, ఎంతకాలం అని కీర్తనకారుడు దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు. చివరి వచనంలో ఆయనను కీర్తిస్తానంటాడు. అంటే నువ్వు చేసిందే కదా అనిపిస్తుంది. మధ్యలో ఏముందో చూడు: "నేను మరణనిద్ర నొందకుండ నా కన్నులకు వెలుగిమ్ము." చచ్చిపోతానేమోనన్న భయాన్ని దాచకుండా దేవుడి ముందు పెట్టి, కావలసింది అడిగాకే స్తుతి వచ్చింది. నీ పాటల్లో ఆ అడగడం లేదు.

తర్వాత 88. దీని దగ్గర చాలా రోజులు ఉండు. హేమాను రచించినదని దాని పైన రాసి ఉంటుంది. ఇందులో మలుపే రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగిసిపోతుంది. దీన్ని మన కూటాల్లో ఎవరూ పాడగా నేను వినలేదు, అది నాకు బాధగానే ఉంటుంది. కానీ మొదటి వచనం చూశావా? "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచాకే మిగతా మొరంతా పెట్టాడు. జవాబు రాలేదు, ఆశ కనిపించలేదు, అయినా మొర పెట్టుకోవడానికి ఇంకొకరి దగ్గరికి పోలేదు. విశ్వాసమంటే ఏమిటో నాకు ప్రసంగాల కంటే ఈ కీర్తనే ఎక్కువ నేర్పింది. ప్రార్థన చేయాలంటే ముందు మనసు కుదుటపడాలి అనుకునే అలవాటు దీనివల్లే పోయింది.

ఈ గ్రంథాన్ని కూర్చినవాళ్లు కూడా చీకటిని దాచిపెట్టలేదు. 150 కీర్తనలూ ఐదు స్కంధాలుగా ఉన్నాయి కదా, మూడో స్కంధం 89తో ముగుస్తుంది. 88 ఒక మనిషి వేదన, 89 దావీదు సింహాసనం నేల కూలిన వేదన. రెండూ పక్కపక్కనే పెట్టారు. నాలుగో స్కంధం తెరవగానే మోషే ప్రార్థన, "ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే." రాజు లేనప్పుడు, గుడి లేనప్పుడు, రాజులు పుట్టకముందు నాటి ప్రార్థన తీసుకున్నారన్నమాట. విడివిడిగా చదివితే ఇది తెలియదు.

137 గురించి ఒక మాట. బబులోను నదుల దగ్గర ఏడ్చిన చెరవాసుల పాట అది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము, దేవాలయం ధ్వంసమయ్యాయి. ఆ పాట చివర శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టడం గురించిన మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని మెత్తబరచకు, నీ శత్రువుల మీద ప్రయోగించకు. సర్వం పోగొట్టుకున్నవాళ్ల కోపం ఎంత దూరం పోతుందో చూడు. ఆ కోపాన్ని కూడా వాళ్లు దేవుడికే చెప్పారు.

ఇక రాసే పని. నువ్వు అంత్యప్రాస కోసం చాలా కష్టపడుతున్నావు. హెబ్రీ కవులకు ప్రాసతో అంత పని లేదు. వాళ్లు ఒక భావాన్ని చెప్పి, రెండో పాదంలో దాన్నే ఇంకో వైపు నుంచి చూపిస్తారు. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది." మొదటి పాదానికి తలూపి ముందుకు పోదామనుకుంటే రెండోది చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ధ్యానానికి ఆ ఆగడమే కావాలి. పాదం పూర్తి చేయడానికి ప్రాస వెతికేముందు, ఆ భావంలో ఇంకేం మిగిలిందో వెతుకు.

42, 43 కీర్తనల్ని నీ చేతిరాతతో ఒకే కాగితం మీద రాసుకో. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న పల్లవి రెండింటిలో కలిపి మూడుసార్లు వస్తుంది, కాబట్టి మొదట్లో ఇవి ఒకే పాట అయి ఉంటాయని చాలామంది పండితులు అంటారు. పల్లవి మారదు, కానీ దాని ముందున్న చరణం మారుతుంది కాబట్టి అదే మాట ప్రతిసారీ వేరే బరువుతో వినిపిస్తుంది. అది పట్టుకున్నాక, నీ అమ్మమ్మ గురించి రాసిన పాట మళ్లీ రాయి. రెండో చరణంలో స్తోత్రం తీసేసి, ఆసుపత్రిలో ఆ రాత్రి నువ్వు దేవుణ్ణి నిజంగా అడిగింది పెట్టు. మూడో చరణం రాకపోతే రాలేదని అలాగే పంపు, టెన్షన్ పడకు. చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ అక్క