మెషీన్ కొనే ముందు మన మిల్లులు చూసిరా

చిరంజీవి అల్లుడికి, హైదరాబాద్ నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. వచ్చే ఏడాది సైన్యం నుంచి డిశ్చార్జి అవుతున్నావు, ఇక్కడ గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామంటున్నారు, నీకేమో మన మాధవరం పక్కనే షెడ్డు వేసి మిసైళ్లకు పార్టులు చెయ్యాలని ఉంది. విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మన ఊరు సైన్యానికి మనుషుల్ని ఇస్తూనే ఉంది. మిలిటరీ మాధవరం అని పేరు వచ్చింది కానీ, తిరిగి వచ్చినవాళ్లకు ఊళ్లో చేసుకోవడానికి పొలం తప్ప ఇంకో పని దొరకలేదు. నువ్వు ఆ పని పుట్టిస్తానంటున్నావు. ఫోన్‌లో సగం మాటలు జారిపోతాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మిసైల్ పార్టులతో మొదలుపెట్టకు. అది నేల విడిచి సాము చెయ్యడమే. మొదటి రెండేళ్లు నీ షెడ్డుకు అన్నం పెట్టేది తాడేపల్లిగూడెం రైస్ మిల్లులు, భీమవరం వైపు రొయ్యల చెరువులు. డిఫెన్స్ పని ఆ తర్వాత వస్తుంది, తప్పకుండా వస్తుంది.

ఎందుకంటున్నానో విను. నేను సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఇరవై రెండేళ్లు చేసి బయటికొచ్చి బాలానగర్‌లో అద్దె షెడ్డులో ఒక పాత లేత్‌తో మొదలుపెట్టాను. నా గొప్ప ఏమీ లేదు, ఆ చోటు అలాంటిది. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాడు పక్క వీధిలో, ప్లేటింగ్ చేసేవాడు ఆ పక్క గల్లీలో, గ్రైండింగ్ వాడు టీ కొట్టు ఎదురుగా. లేత్‌లో లోహం కోసే ఇన్సర్టు ముక్క విరిగితే సైకిల్ మీద వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. 1970లో మిసైళ్లు చేసే బీడీఎల్, 1973లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని కంచన్‌బాగ్‌లో వచ్చాయి, అంతకు ముందే ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్ ఉంది. వాటి చుట్టూ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ల్యాబుల చుట్టూ ఏళ్ల తరబడి వందల చిన్న షాపులు పుట్టాయి. ఒక్కొక్కడూ ఒక్కో పని నేర్చాడు. నీకు మన ఊళ్లో ఆ వీధి లేదు. డిఫెన్స్ జాబ్ తీసుకుంటే పార్టు నీ మెషీన్ మీద ఒక పూటలో అవుతుంది, ప్లేటింగ్ కోసం మాత్రం హైదరాబాద్ దాకా వచ్చి వెళ్లాలి. తిరుగుడులో గీత పడితే అది నీ ఖాతాలోనే. కాబట్టి మొదట నీ షెడ్డులోనే మొదలై నీ షెడ్డులోనే పూర్తయ్యే పని వెతుక్కో.

ఆ పని నీ ఇంటి చుట్టూనే ఉంది. ఈసారి లీవులో వచ్చినప్పుడు చుట్టాల ఇళ్లకు తర్వాత వెళ్దువు గాని, ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో ఒక వారం మిల్లుల్లో కూర్చో. ఓనర్‌తో మాట్లాడటం కంటే అక్కడి ఫిట్టర్‌తో టీ తాగు. ఏ షాఫ్ట్ అరుగుతోంది, ఏ పుల్లీ పగులుతోంది, ఎలివేటర్ బకెట్లు ఎన్నాళ్లకు మారుస్తున్నారు, బేరింగ్ హౌసింగ్ ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారు, వచ్చేదాకా మిల్లు ఎన్ని గంటలు ఆగింది, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకో. సీజన్‌లో మిల్లు ఒక పూట ఆగితే లారీలు క్యూ కడతాయి, కూలీలు ఖాళీగా కూర్చుంటారు. ఓనర్ డబ్బిచ్చేది ఇనుముకు కాదు, ఆ గంటలకు. నీ దగ్గర ఆ షాఫ్ట్ రెడీగా ఉందంటే బేరం కూడా పెద్దగా ఆడడు.

చెరువుల సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మెషీన్ గేరుబాక్స్ పట్టేస్తే పొద్దున్నకల్లా రొయ్యలు తేలిపోవచ్చు. రైతు నెలల కష్టం, అప్పు తెచ్చిన మేత అంతా ఆ ఒక్క రాత్రిలో పోతుంది. ఏరియేటర్ షాఫ్టులు, కప్లింగులు, గేర్లు ఎక్కడివక్కడ రిపేరు చేసి, రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తే మనిషి మన వైపు ఒకడుంటే వాణ్ణి రైతులు వదలరు. ఉప్పునీళ్లలో ఏ స్టీలు ఎన్నాళ్లు నిలుస్తోందో కూడా నువ్వు అక్కడే నేర్చుకుంటావు. మిలిటరీ వర్క్‌షాపులో రాత్రి రెండింటికి లేచి బండి బాగుచేసినవాడివి, నీకిది కొత్త కాదు.

డబ్బు విషయం. ఇక్కడ కొంచెం కఠినంగానే రాస్తాను. మనవాళ్లకు పెన్షన్‌లో సగం వరకు కమ్యూట్ చేసుకునే, అంటే ముందే ఒకేసారి మొత్తంగా తీసుకునే వీలుంది. ఆ భాగం మళ్లీ పెన్షన్‌లో కలిసేది పదిహేనేళ్లకు. ఆ మొత్తం ఒక్కసారి చేతికి రాగానే మెషీన్ షోరూమ్ వాళ్లు మనిషిని కమ్మేస్తారు. ఆ డబ్బు మీ ఆవిడది, పిల్లలది అనుకో. ఇల్లు, చదువులు దాటి అందులో పైసా మెషీన్‌లో పెట్టకు.

మెషీన్‌కు పీఎంఈజీపీ ఉంది, అంటే బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు 50 లక్షల దాకా ఉండొచ్చు. మాజీ సైనికులు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు కాబట్టి నువ్వు పెట్టాల్సింది 5 శాతమే. షెడ్డు పంచాయతీ పరిధిలో ఉంటే సబ్సిడీ 35 శాతం, తాడేపల్లిగూడెం మున్సిపాలిటీలో పెడితే 25. పాతిక లక్షల యూనిట్ అనుకుంటే ఊళ్లో ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది, టౌన్లో ఆరుం పావు. ఆ ఒక్క కారణానికే షెడ్డు ఊళ్లో వెయ్యమంటాను. కానీ రెండు సంగతులు చాలామందికి ఎవరూ చెప్పరు. ఈ పథకం కొత్త యూనిట్లకే. తొందరపడి ముందే మెషీన్ కొని పని మొదలుపెట్టావంటే అర్హత పోతుంది. రెండోది, సబ్సిడీ నీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత లోన్‌కు జమ అవుతుంది. అంటే మూడేళ్లు యూనిట్ నడవాలి, కంతులు కట్టాలి. నువ్వు దరఖాస్తు పెట్టేనాటికి నిబంధనలు ఏమున్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో నేరుగా కనుక్కో. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ రూపాయి ఇవ్వకు. సర్వీసులో ఉండగానే మీ ఆవిడ పేరు మీద మొదలుపెడదామని కూడా అనుకోకు. ఇన్నేళ్ల శుభ్రమైన రికార్డుకు చివర్లో మచ్చ ఎందుకు?

మొదట ఒక మంచి కన్వెన్షనల్ లేత్, ఒక మిల్లింగ్ మెషీన్, కంప్యూటర్‌తో నడిచే చిన్న సీఎన్‌సీ లేత్ ఒకటి చాలు. ఐదు యాక్సిస్ మెషీన్ ఊసు ఇప్పుడు వద్దు. మిగిలిన డబ్బుతో కొలిచే సామాను కొను, కొలవడానికి ఏసీ ఉన్న చిన్న గది కట్టు. ఈ గది గురించి నా అనుభవం రాయాలి.

షాపు పెట్టిన మూడో ఏడాది ఒక పెద్ద సంస్థ నుంచి మొదటిసారి అల్యూమినియం రింగులు వచ్చాయి, పద్దెనిమిది. బయటి వ్యాసం 200 మిల్లీమీటర్లు. పెరగడానికి వీల్లేదు, తగ్గితే 30 మైక్రాన్ల లోపే తగ్గాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). మే నెల, రేకుల షెడ్డు. మెషీన్ మీద వేడిగా ఉన్నప్పుడే మైక్రోమీటర్ పెట్టి చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మర్నాడు వాళ్ల ఇన్‌స్పెక్షన్ గదిలో 20 డిగ్రీల దగ్గర కొలిస్తే పద్దెనిమిదీ తక్కువ వచ్చాయి. అంత సైజు అల్యూమినియం పది డిగ్రీలు చల్లబడితేనే 45 మైక్రాన్ల దాకా కుంచించుకుపోతుంది. నాకది తెలియదని కాదు. వర్క్‌షాపులో చదువుకున్నదే, ఆ రోజు తొందరలో పాటించలేదు. మెటీరియల్ వాళ్లు ఇచ్చింది, ఫ్రీ ఇష్యూ. పాడైతే దాని ఖరీదు మనమే కట్టాలి. మీ అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టి కట్టాను. ఆ తర్వాత నేను కొన్నది మెషీన్ కాదు, ఏసీ.

అందుకే డిఫెన్స్ పని మూడో ఏడాదికి వాయిదా వెయ్యమంటున్నాను. ఈలోగా మిల్లు షాఫ్టు చేసినా డ్రాయింగ్ గీసి చెయ్యి, కొలతలు రాసిపెట్టు, స్టీలు కొన్నప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ తీసుకుని ఆ స్టీలు ఏ కరుగు నుంచి వచ్చిందో చెప్పే హీట్ నంబరు దాని మీద చూసి రిజిస్టర్‌లో ఎక్కించు. మిల్లు ఓనర్ అడగడు, అయినా చెయ్యి. రేపు బీడీఎల్‌కో, మచిలీపట్నంలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్‌కో వెళ్లినప్పుడు వాళ్లు మొదట అడిగేది ఆ కాగితాలే. మిసైల్ పార్టులైతే వాటి నాణ్యత తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌క్యూఏఏ వాళ్లు వచ్చి ఫలానా ముక్క ఏ రాడ్డు నుంచి కోశావో చూపించమంటారు. రెండేళ్లుగా రాస్తున్నవాడికి అది కష్టం కాదు. రాత్రికి రాత్రి రాసినవాడు దొరికిపోతాడు.

దారి కూడా చెప్తాను. రక్షణ శాఖ వెబ్‌సైట్ సృజన్ పోర్టల్‌లో డిఫెన్స్ సంస్థలు ఇప్పటిదాకా విదేశాల నుంచి తెప్పిస్తున్న విడి భాగాలు పెట్టి, మన దేశంలో చేసేవాళ్ల కోసం చూస్తున్నాయి. ఖాళీ ఉన్నప్పుడు చూడు, నీ మెషీన్ మీద ఏది అవుతుందో గుర్తుపెట్టుకో. అయితే మొదటి ఆర్డర్ నేరుగా పెద్ద సంస్థ నుంచి ఆశించకు. వాళ్లకు పార్టులు ఇస్తున్న మధ్యస్థాయి కంపెనీకి జాబ్ వర్క్ చెయ్యి, నా షాపు నుంచి కూడా కొంత పంపిస్తాను. వెండర్ రిజిస్ట్రేషన్ చేయిస్తాను, ఆర్డర్లు తెప్పిస్తాను అని లక్షలు అడిగేవాడు ఎవడైనా వస్తే, వాడు మాజీ ఆఫీసర్ అని చెప్పినా సరే, టీ ఇచ్చి పంపించెయ్యి. రిజిస్ట్రేషన్ రావడం అంటే ఆర్డర్ వచ్చినట్టు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

డబ్బులు లేటుగా వస్తాయి. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందం ఏది రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి, ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. చట్టం నీ వైపే ఉంది. కానీ పని ఇచ్చేది ఒక్కడే అయినప్పుడు వాడి మీద ఫిర్యాదు పెట్టడానికి చెయ్యి రాదు, నాకూ రాలేదు. అందుకే మూడు నెలల జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు కంతి ఎప్పుడూ పక్కన ఉంచుకో. మిల్లుల పని పూర్తిగా మానకు. రోజూ నగదు తెచ్చేది అదే.

ఇక మనుషులు. ఈ మాట కోసమే అసలు ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది. మన చుట్టుపక్కల పిల్లలు కూడా వెళ్లారు. నాలుగేళ్లకు వాళ్లలో పాతిక శాతం వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో చివర్లో ఒకేసారి ఇచ్చే సేవానిధి డబ్బుతో ఇంటికొస్తారు. పెన్షన్ ఉండదు. వాళ్లలో ఇద్దరికి నీ షెడ్డులో చోటు ఉంచు. పొద్దున్నే టైముకు వస్తారు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు, టూల్స్ ఎక్కడివక్కడ పెడతారు. నేర్పాల్సింది ఒక్కటే, తప్పు జరిగితే దాచకుండా చెప్పడం. అది నువ్వు కోప్పడకుండా వింటేనే నేర్చుకుంటారు. నీకంటే పెద్ద ర్యాంకులో దిగినవాళ్లు కూడా పని అడుగుతూ రావొచ్చు. సుబేదార్ సాబ్ అనే పిలువు, కానీ మెషీన్ మీద నిర్ణయం నీదేనని మొదటి రోజే మర్యాదగా చెప్పు.

నా షాపులో ఇన్‌స్పెక్షన్ చూసేది డ్యూటీలో పోయిన ఒక జవాను భార్య. చేరినప్పుడు వెర్నియర్ పట్టుకోవడం కూడా తెలియదు. బాలానగర్‌లోని ప్రభుత్వ టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీలో చిన్న కోర్సు చేయించాను. ఇప్పుడు ఆమె సంతకం లేనిదే నా దగ్గర ఒక్క ముక్క బయటికి పోదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే పని కోసం చూస్తున్న మాజీ సైనికుల పేర్లు తెలుస్తాయి. సైనికుల భార్యల గురించి కూడా అడుగు. జాలితో ఇవ్వకు, నేర్పించి ఇవ్వు.

డిశ్చార్జికి ముందు, సైనికులకు బయట కొత్త పని నేర్పడానికి రక్షణ శాఖ విభాగం డీజీఆర్ ఇచ్చే రీసెటిల్‌మెంట్ కోర్సు వదులుకోకు. సెక్యూరిటీది తీసుకుంటే తేలికని యూనిట్‌లో అంటారు. సీఎన్‌సీది గానీ, క్వాలిటీది గానీ దొరికితే అదే అడుగు. అడ్జుటెంట్ సాబ్‌తో ఇప్పుడే మాట్లాడు, సీట్లు తక్కువ.

లీవు తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. మిల్లుల్లో తిరిగి పుస్తకం నింపాక రైలెక్కి ఇక్కడికి రా, నాలుగు రోజులు నా షాపులో నిలబడు. రాసుకొచ్చిన పార్టుల్లో మూడు ఎంచుకుని ఇక్కడే చేసి చూద్దాం, ఒక్కోదానికి ఎంత పడుతుందో లెక్క కడదాం. మీ అమ్మను మోకాలి నొప్పికి అశ్రద్ధ చెయ్యొద్దను, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు నీకు వచ్చేదాకా ఆగమనకు, నేనే ఇక్కడ చూపిస్తాను. నీతో పాటు తీసుకొచ్చెయ్యి.

మీ మామయ్య